మా ఓబుళేశు బావ టేకు చెట్లు

ఏందమ్మీ శివానీ, నువ్వు చెప్పేది నాకు సగం చెవులోకే పోలా. ఇంగోసారి చెప్పు. ఫోన్లో గ్రూపంట, దాంట్లో ఎవురో సారంట, ఆ సారు యా షేరు కొనమంటే నువ్వా షేరు కొంటావంట. సరే, యాడుంటాడు ఆ సారు? తెలీదా? మనిషిని చూసినావా? ఈడియోలోనా? ఈడియోలో చూస్తే చూసినట్టేనా మేయ్! మంచిగా మాట్లాడతాడంట. మంచిగా మాట్లాడకుంటే నీ జీతం వానికెట్లొస్తాది? పొద్దున్నే మీ అమ్మ మధులత ఫోన్ చేసి, "సుబ్బయ్య మామా, దానికి నువ్వన్నా చెప్పు, నా మాట వినల్యా" అని ఒకటే మొత్తుకోడం. నేనేం చెప్పాల? మీ తాతకు చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. ఆయప్ప విన్యాడా, నువ్వు వినేదానికి! అదే పోలిక. ఆ గదవ ఎత్తుకోని చూడ్డం గూడా అదే. నువ్వు పుట్టకముందే పోయినాడు గాబట్టి నీకు తెలీదు. మా అక్క సుబ్బరత్నమ్మ మొగుడు, నాకు బావ. ఓబుళేశు అంటే మైదుకూరు చుట్టూతా తెలీనోళ్లు లేరులే.

సేద్యంలో మాత్రం ఆయప్పను మోసం చేసినోడు పుట్టల్యా, అది ఒప్పుకోవాల. పసుపు విత్తనం కొనేటప్పుడు చూడాల, కొమ్ము విరిచి, వాసన చూసి, నాలిక మీద పెట్టుకోని, మళ్లీ ఇంగో గోతంలో అడుగునుంచి తీపిచ్చి, దాన్నీ విరిచి... అమ్మేటోనికి ఏడుపొచ్చేది. ఎద్దును కొనాలంటే దాన్ని నడిపిచ్చి, నీళ్లు తాపిచ్చి, అది పడుకోని లేచేదాకా ఆడ్నే కూచుంటాడు. నేను "బావా, బస్సు పోతాది" అంటే, "పోతే పోనీరా, ఎద్దు లేచేటప్పుడు యా కాలు ముందేస్తాదో చూడాల" అంటాడు. అట్లాంటి మనిషి! సంతలో కిలో వంకాయలకు అంతసేపు నిలబడే మనిషి! చేతికి అంత డబ్బు, అంత లెక్కొచ్చినప్పుడు ఏం జేసినాడో అడుగు.

కాలవ తవ్వుతామని గవర్మెంటోళ్లు మా బావ కింది పొలం తీసుకున్యారు. మంచి పొలం, పసుపు పండే నేల. దానికి పరిహారం వచ్చింది. ఊర్లో ఎవురింట్లోనూ అంత లెక్క ఒక్కసారిగా చూసినోళ్లం కాదు. ఇంగ చూడు, రోజూ మిద్దె ముందర జనమే. పొద్దుటూరు నుంచి చీట్లాయన జీపులో దిగినాడు, "ఓబుళేశన్నా, నాది గ్యారంటీ, నా తల తాకట్టు" అంటాడు. వడ్డీకి తిప్పేటోడు ఒకడు, "నీ లెక్క నా బిడ్డ మాదిరి చూసుకుంటా" అని కండ్లనీళ్లు పెట్టుకున్యాడు. నేనూ పోయినాలే. "బావా, మైదుకూరు నాలుగు రోడ్ల కాడ నాలుగు సెంట్లు కొను, ఇంగేం అడగాకు" అంటి. "ఆడ ముండ్లకంప తప్ప ఏముండాదిరా? కంప పెంచుకోవాల్నా?" అని ఎగతాళి. ఈపొద్దు పోయి చూడు ఆడ. ఫోన్ల అంగడి, దాని పక్కన బిర్యానీ హోటలు, దానిపైన పండ్ల డాక్టరు. ఆ దోవన పోయినప్పుడల్లా మీ తాతను తిట్టుకుంటా. నువ్వేం నవ్వాకు.

కడాకు ఎవుర్ని పట్టుకున్యాడో తెల్సునా? దేవేంద్రప్ప అని, పత్తికొండ పక్కాయన, ఈడ విత్తనాల అంగట్లో గుమాస్తా. ఏదో టేకు కంపెనీకి ఏజెంటుగా చేరినాడు. నువ్వు ఇప్పుడు లెక్క కడితే నీ పేరు మీద వాళ్లు టేకు మొక్కలు నాటి పెంచుతారంట, చెట్టు ముదిరినాక కొట్టి అమ్మి నీకిస్తారంట. మా బావ అందర్నీ అడిగినట్టే ఆయన్నీ అడిగినాడు, "ఏమప్పా దేవేంద్రప్పా, దీంట్లో నేను మునిగిపోతానా?" అని. ఆయప్ప వాళ్ల పక్క మాటల్లో, "నాకి తెల్దప్పా. కంపెనీవోళ్లు మునగవంటారు. నా దుడ్లు గూడా దాంట్లోనే పెట్టినా. అంతకుమించి నాకి తెల్దు" అన్యాడు. అంతే! మా బావ మొగం వెలిగిపాయె. ఆయప్ప అట్ల పోయినాడో లేదో, "సుబ్బయ్యా, ఇంతమంది వచ్చినార్రా, తెలీదన్నోడు ఈయనొక్కడే. ఈయన అబద్ధం చెప్పడు" అంటాడు. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. అబద్ధం చెప్పడు, సరే. తెలీదని నిజమే చెప్పినాడు గదా! తెలీనోని చేతిలో లెక్క పెడతారా? వైద్యం తెలీదన్నోనితో సూది ఏపిచ్చుకుంటావా నువ్వు? చెప్పు!

అదన్నా చూడకుండా లెక్క కట్టలా. రాయచోటి అవతల తోట చూపిస్తామంటే నన్నూ ఎంటబెట్టుకోని పోయినాడు. కంచె వేసినారు, లోపల మొక్కలు బారుబారుగా, నడుమెత్తు ఉండాయి. మా బావ చెప్పులిడిచి వాటి మధ్యలో తిరిగినాడు. ఆకు తిప్పి చూసె, మొదుట్లో మట్టి తీసి చూసె, నీళ్ల గొట్టం యాడిదాకా ఉండాదో చూసె. "మొక్క బలంగా ఉండాదిరా" అన్యాడు. చెట్టునంతా చూసినాడమ్మీ, ఆ నేల ఎవురిదని మాత్రం అడగల్యా. ఎవురో రెడ్డి నేల అది, కంపెనీ కౌలుకు తీసుకునిందంట. కౌలు కట్టడం ఆపేసినాక ఆ రెడ్డి ట్రాక్టరు పెట్టి మొత్తం దున్నేసి సెనక్కాయ ఏసుకున్యాడు. మా బావ టేకు చెట్లు పొయ్యిలో పుల్లలకు గూడా రాల్యా.

కంపెనీ మూసేసినారని తెలిసి కడపకు పోతిమి ఇద్దరం. ఆఫీసుకు తాళం. ముందర జాతర మాదిరి జనం. ఆడోళ్లు బండల మీద కూలబడి ఏడుస్తాండారు. ఆ గుంపులో దేవేంద్రప్ప, పక్కన పెండ్లాం భీమమ్మ. ఆయమ్మ తాళిబొట్టు గొలుసు గూడా అమ్మి దాంట్లోనే పెట్టిచ్చినాడు ఆయప్ప. ఎవురో గుర్తుపట్టి, "ఈడే ఏజెంటు!" అని అరిచినారు. ఇంగ జనం మీద పడి, అంగీ చించి, దెబ్బ మీద దెబ్బ. నాకూ ఒకటి ఏద్దామనే ఉండె, నిజం చెప్తాండా. అంతలో చూస్తే మా బావ మధ్యలో దూరినాడు! ఎవురిదో చెప్పు తగిలి చెవి కాడ నెత్తురు. "వాడూ మునిగినాడప్పా, కండ్లు కనపడల్యా మీకు?" అని అరుస్తా, ఆయప్పను రెండు చేతుల్తో పట్టుకోని బయటికి లాక్కొచ్చి, భీమమ్మను గూడా బస్సెక్కిచ్చి, నేరుగా ఇంటికి తెచ్చినాడు. అన్నానికి!

మా అక్క వాకిట్లో అడ్డం నిలబడింది. "పొలం పాయె, లెక్క పాయె, ఇంగ తిండి గూడా పెట్టాల్నా? నా చేత్తో మెతుకు పెట్టను" అని పక్కింటికి పోయింది. మా బావే పొయ్యి ముట్టిచ్చి, సంగటి గెలికి, ఊరిబిండి పచ్చడి ఏసి వాళ్లిద్దరికీ పెట్టినాడు. సంగటి ఉండలు కట్టింది, నేనూ తిన్యా గదా. తిని చేతులు కడుక్కున్యాక ఏమన్యాడో విను. "దేవేంద్రప్పా, పసుపు అమ్మిన లెక్క రవ్వంత ఉండాది. దాన్నేం జేద్దాం?" అట్ల ముంచినోన్నే మళ్లా అడుగుతాడా మనిషి! ఆయప్పే తట్టుకోల్యా, "నన్ను అడగొద్దప్పా, నీ కాళ్లు పట్టుకుంటా, నన్ను అడగొద్దు" అని భోరున ఏడ్చినాడు. మా బావ, "తెలుసన్నోళ్లు ఒక్కరూ ఆపైన మళ్లా ఈ గడప తొక్కల్యా. నువ్వు తన్నులు తిని గూడా ఆడ్నే నిలబడినావు. నిన్ను గాక ఎవుర్ని అడగాల?" అంటాడు. నేను అరిచినా. మర్యాద గూడా ఇడిచిపెట్టి అరిచినా. ఆయనకు ఎక్కితే గదా!

కొన్నాళ్లకు దేవేంద్రప్పే వచ్చినాడు. "పోస్టాఫీసులో ఏయప్పా. అదీ నీ పేరు మీద వద్దు, ఇంట్లో అమ్మ పేరు మీద ఏయి. నువ్వు ఎవురొచ్చి చెప్పినా వింటావు. నేను చెప్పినా విన్యావు" అన్యాడు. మా బావ నవ్వినాడు. మొగుని మీద కోపంతో అన్నం పెట్టి మాట్లాడకుండా పోతాండే మా అక్కను మైదుకూరుకు తీసకపోయి సంతకం పెట్టిచ్చినాడు. ఆపైన మంచి పంటొచ్చినప్పుడల్లా అంతే, ఆయప్పను అడిగేది, పోస్టాఫీసులో ఏసేది. నేను ఆ నాలుగు రోడ్ల సంగతి మళ్లీ ఎత్తినా. "దేవేంద్రప్పను అడిగి చెప్తా" అంటాడు! ఆయప్ప యథాప్రకారం, "నాకి తెల్దప్పా." ఛీ!

మీ అమ్మ డిగ్రీ చదువుతాండంగా మా బావ పోయినాడు. పొద్దున చేనికి పోయినోడు గట్టు మీదే ఒరిగిపోయినాడు. దినాల నాడు అందరం కూచోనుండాం, దేవేంద్రప్ప వచ్చినాడు. ఎవురూ కూచోమనల్యా. నేనూ మొగం తిప్పుకున్యా. మా అక్క లోపల్నుంచి లేచొచ్చింది. అన్నేండ్లలో ఆయప్పతో ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు. అందరి ముందర అడిగింది, "ఏమప్పా, ఆ టేకు చెట్లు మాకెందుకు అమ్మినావు?" అని. ఆయప్ప తల ఎత్తల్యా. "నమ్మినానమ్మా. నమ్మే అమ్మినా" అన్యాడు. మా అక్క ఆయన ముందరికి వచ్చింది. తిడతాదేమో, ఏమన్నా తీసుకోని కొడతాదేమో అని నేను లేచినా గూడా. "రేపు పొద్దున రా. పోస్టాఫీసుకు పోవాల, పాప కాలేజీ ఫీజు కట్టాల" అని లోపలికి పోయింది.

ఆయప్పను ఎందుకు రమ్మనిందంటావా? నాకేం తెలుసు మేయ్? నన్నడగాకు. నేను మీ తాతను అడగల్యా, మా అక్కను అడగల్యా...

అదిగో, పాలాయప్ప వచ్చినట్టుండాడు. గిన్నె తీసకపో.