చదివింది నేను, మాట పడింది వారు

శ్రీమతి రాజ్యలక్ష్మి గారు 1989 జూలై మూడవ తేదీ సోమవారం నాడు విజయవాడలోని మా కాలువల కార్యాలయంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. భవానీపురం నుండి సిటీ బస్సులో వచ్చి, ముప్పయ్యారేళ్లకు పైగా మా ఉత్తరాల్లోని ఇంగ్లీషుకు కాపలా కాసిన ఆ విదుషీమణి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ రోజుల్లో ఇద్దరు సరిచూడనిదే ఏ ఉత్తరమూ బయటికి వెళ్లేది కాదు. ఒకరు టైపు ప్రతిని పైకి చదివితే, మరొకరు చిత్తుప్రతితో పోల్చుకునేవారు. ఒకే ధ్వనితో వేర్వేరు స్పెల్లింగులున్న ఇంగ్లీషు మాట వస్తే అక్షరాలు విడివిడిగా చదివి తీరాలన్నది రాజ్యలక్ష్మి గారి శాసనం. ప్రిన్సిపల్ రెండు, స్టేషనరీ రెండు, సైట్ మూడు అంటూ వారు రాసిచ్చిన పట్టిక నా బల్ల అద్దం కింద నేటికీ ఉంది. "చెవికి మొహమాటం ఎక్కువ ప్రసాదూ, దేనికైనా సరేనంటుంది" అనేవారు.

1998 వానాకాలంలో, ప్రొబేషన్‌లో ఉన్న నేను, సినిమాకు వేళవుతోందని, కాలువ గట్టుకు గండి పడిన సంగతి తెలిపే ఉత్తరాన్ని గడగడా చదివేశాను. అక్షరాలు విడదీయమని వారు రెండుసార్లు అడిగారు. "చూశానండీ, కరెక్టే" అని అబద్ధమాడాను. గండిని చెప్పే breach బదులు, అదే ధ్వనితో తుపాకీ వెనుక భాగాన్ని చెప్పే breech పై కార్యాలయానికి వెళ్లింది. అక్కడ నవ్వులపాలై వచ్చిన మా అధికారి, ఎవరు చదివారని అడిగారు.

"నేనేనండీ" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

మెమో వారికి వచ్చింది. ఆ ఏటి పదోన్నతుల జాబితాలో వారి పేరు పోయింది. క్షమించమనబోతే, "నాకు నాలుగు అక్షింతలు పడ్డాయి, అంతేగా. నీ ఉద్యోగం నిలిచింది, పని చూసుకో" అన్నారు. చూసుకున్నాను. నేను సూపరింటెండెంటునై పదేళ్లయింది. వారు సీనియర్ అసిస్టెంటుగానే మిగిలారు. నేను గదిలోకి వస్తే లేచి నిలబడి "సార్" అంటారు. ఆ పిలుపు వినలేక ఎన్నోసార్లు వెనక గుమ్మం నుండి వెళ్లాను.

ఇన్నేళ్లూ నోరు విప్పలేని పిరికివాణ్ని. మా కార్యాలయ పత్రిక ఈ సంచికను వారి భర్త వెంకటసుబ్బారావు గారు, కుమార్తె సింధూరి చదువుతారు కనుక రాస్తున్నాను. అమ్మా సింధూరీ, ఆ ఉత్తరం తప్పు చదివింది మీ అమ్మగారు కాదు, నేను.

అచ్చుకు పంపే ముందు ఆనవాయితీ ప్రకారం ఈ వ్యాసాన్ని నేను పైకి చదివాను, వారు చిత్తుప్రతి పట్టుకున్నారు. పై పేరా దగ్గర పెన్సిల్ కింద పెట్టారు. తర్వాత "ఇది కొట్టేయండి సార్" అన్నారు. వారి మాట నేను కాదనడం ఇది రెండోసారి.

వచ్చే నెల నుండి నేను వారికి సార్‌ను కాను. నన్ను మళ్లీ ప్రసాదూ అని పిలిచేందుకు, ఇన్నేళ్లుగా పిలవని పిలుపులన్నీ తీరేందుకు సరిపడా ఆయువును, ఆరోగ్యాన్ని వారికి కనకదుర్గమ్మ ప్రసాదించుగాక.

— దుర్గాప్రసాద్