మేఘా పెట్టిన కన్ను

అన్నలారా, అక్కలారా, ఈ చాల్ గదుల్లో పెరిగిన మా పిల్లలారా! ఫోరస్ రోడ్ నుంచి, ధారావి నుంచి పనులు వదులుకుని వచ్చారు. చోటు చాలక మెట్ల మీద నిలబడ్డారు. ఎవరి కోసం? పోయిన గురువారం గుండె ఆగి వెళ్లిపోయిన మన మేఘా కోసం. నేను రత్నాబాయిని, ఆమె పక్కింటిదాన్ని. సభల్లో మాట్లాడటం నాకు రాదు. అయినా ఇవాళ మాట్లాడతాను.

మన నీళ్ల పైపు గటారు మురుగు పక్కనుంచే వస్తుందని ఎవరికి తెలియదు? వాన పడితే పచ్చకామెర్లు. మేఘా తల్లిని అలాగే పోగొట్టుకుంది. ఎలక్ట్రానిక్స్ చదివి, మెట్ల కింద మన నీళ్ల నల్లాకు ఒక గాజు గొట్టం, చిన్న డబ్బా బిగించింది. డబ్బా నీళ్లలోకి వెలుగు పంపుతుంది. మురికి నలుసు ఉంటే ఆ వెలుగు పక్కకు చెదురుతుంది, డబ్బా దాన్ని పట్టేస్తుంది. మంచినీళ్లయితే పచ్చదీపం, కాకపోతే ఎర్రదీపం. వెలుగు నీళ్లను పరీక్షించడమేమిటమ్మా! తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మరి దసరాకు మనమేం చేశాం? పనిముట్లన్నిటితో పాటు దానికీ పూజ చేశాం. గాజుకే పసుపు పూశాం! ఎర్రదీపం వెలిగింది. బిందెలు పట్టుకుని చాల్ అంతా గగ్గోలు. మేఘా వచ్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "గాజు దాని కన్ను గద, కంట్ల ఎవరన్న పసుపు పెడ్తరా మౌసీ? డబ్బాకు పెట్టుండ్రి, ఖుషీగ పెట్టుండ్రి" అంది నాతో.

పోయిన వానాకాలం గుర్తుందా? నీళ్లు తేటగా ఉన్నాయి. దీపం మాత్రం ఎర్రగా ఉంది. "మళ్ల ఎవరో పసుపు పూసిండ్రు" అంటూ మన చంద్రయ్య బిందె పెట్టబోయాడు. మేఘా గాజు తుడిచింది. ఎర్రదే. మళ్లీ తుడిచింది. ఎర్రదే. నల్లాకు అడ్డం నిలబడి, "నన్ను తిట్టుండ్రి, గని తాగకుండ్రి" అంది. తిట్టాం. తాగలేదు. ఆ వారం పక్క వీధిలో ఇంటికొకరు వాంతులతో మంచాన పడ్డారు. మన చాల్లో ఒక్క పిల్లకూ కడుపునొప్పి రాలేదు. మన కళ్లకు కనిపించనిది ఆమె పెట్టిన కన్నుకు కనిపించింది.

ఆదివారం ఆదివారం గొట్టం విప్పి కడిగేది మేఘానే. కడగకపోతే లోపల పాచి పడుతుంది. మొన్న ఆదివారం ఎవరమూ కడగలేదు, ఏడుపులో ఎవరికీ గుర్తే లేదు. ఈ పొద్దున చూస్తే ఎర్రదీపం. ఆమె చేసినట్టే విప్పి కడిగాను. పచ్చదీపం వచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

వచ్చే ఆదివారం ఎవరు కడుగుతారు? ఆ పై ఆదివారం? మనసులో జవాబు చెప్పుకుంటూ అందరూ లేవండి. మేఘా కోసం మౌనంగా నిలబడదాం. కళ్లు మాత్రం మూయకండి. మెట్ల కింద వెలుగుతున్న ఆ పచ్చదీపాన్ని చూస్తూ నిలబడదాం.