పైగడి, కిందగడి

శనివారం సాయంత్రం. చర్చి హాల్లో పాస్టరుగారూ, పదో తరగతి చదివే ఆయన కూతురూ తెర కడుతున్నారు.

“అదొక్కటీ వద్దు నాన్నా. ఇంకేదైనా చూపించు.”

“ఇంకేదైనా ఎందుకు? రేపటి కూటం పేరే ‘ఫోనూ విశ్వాసమూ’. అరవైమంది పిల్లలొస్తున్నారు. నీ ఫోన్లో ఆ కాపలా యాప్ తెరిచి, ఆరు వారాల రిపోర్టూ ఈ తెరమీద వెయ్యి. పాస్టరు కూతురు ఫోను ఎంత పద్ధతిగా వాడుతోందో సంఘమంతా చూస్తుంది.”

“పద్ధతిగా వాడుతున్నానని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అదే కదా సాక్ష్యం! నువ్వు ఫోన్లో ఏం చేసినా నాకు కబురొస్తుందన్నారు. ఆరు వారాల్లో ఒక్కటంటే ఒక్కటీ రాలేదు. మూడు ప్రసంగాల్లో చెప్పాను కూడా.”

“నాలుగు.”

“నాలుగే అనుకో. మరి నసుగుతావేం?”

“నాన్నా, ఆ మూల జారిపోతోంది, కాస్త పట్టుకో...”

“మూల సంగతి తర్వాత. ఏం దాస్తున్నావ్?”

“నేనేం దాచట్లేదు. అంటే... నాది కాదు.”

“నీ ఫోన్లో నీది కానిదేంటి? ఎవరిది? ఎవడిది?”

“ప్లీజ్ నాన్నా.”

“ఇదిగో, చెబుతున్నా. రేపు అది తెరమీదకైనా రావాలి, ఫోను నా బీరువాలోకైనా వెళ్ళాలి. పరీక్షలయ్యేదాకా!”

“బీరువాలో పెట్టెయ్.”

“ఏంటీ?”

“ఫోను తీసుకో. తెరమీద మాత్రం వెయ్యకు.”

“ఫోనే వదులుకునేంత ఘనకార్యమా! అయ్యో తల్లీ... ఏం ముఖం పెట్టుకుని మీ అమ్మకి చెప్పను? ఇటివ్వు. లాక్ తియ్యి.”

“కూర్చుని చూడు.”

“నాకు చెప్పొద్దు. ‘సోమవారం, పేకాట గేమ్, రెండు గంటల పది నిమిషాలు.’ పేకాటా! నా ఇంట్లో! ‘ఆదివారం, పదకొండున్నర, మ్యాచ్ స్కోరు, ఏడుసార్లు.’ ఆరాధన జరుగుతుంటేనా? సిగ్గులేదూ... ఉండు, పదకొండున్నరకి నువ్వు క్వయర్లో పాడుతుంటావుగా?”

“అవును. నేను పాడుతుంటాను.”

“‘శనివారం, రెడీమేడ్ ప్రసంగాలు, ఉచితం...’ ఇది... ఇది...”

“మన ఫోన్లలో ఆ యాప్ పెట్టినప్పుడు నంబర్లకి రెండు గళ్ళుంటే, పైగడిలో ఎవరి నంబరు వేశావ్?”

“నాదే. పెద్దవాళ్ళది పైనుండాలిగా.”

“పైగడి ఎవరిమీద కాపలా పెట్టాలో వాళ్ళకి. కిందగడి కాపలా కాసేవాళ్ళకి.”

“...ఆరు వారాలా?”

“ఆరు వారాలు.”

“బాగా నవ్వుకునుంటావ్.”

“పేకాటకి నవ్వాను. స్కోరుకి అమ్మతో చెబుదామనుకున్నా. ఇంకా కిందికి చూడు. మొన్న గురువారం.”

“‘పాస్టరు పని మానేస్తే యాభై ఏళ్ళ మనిషికి ఇంకేం పని దొరుకుతుంది...’ అదేదో ఊరికే... ఏదో తోచక... అమ్మ చూసిందా?”

“ఎవరూ చూడలేదు.”

“నాకైనా చెప్పలేదేమ్మా?”

“ఎలా చెప్పను? ప్రతి రిపోర్టు చివరా ఒక ప్రశ్న ఉంటుంది, ‘ఈ వ్యక్తి కోసం ప్రార్థన చేశారా?’ అని. ఐదు వారాలు చెయ్యకుండానే ‘చేశాను’ అని నొక్కేశాను నాన్నా. ఈ వారం మాత్రం చేశాకే నొక్కాను.”