మబ్బుల మీద బీడీల చాట

ఎల్లారెడ్డి బస్టాండు ఎదుటి ఫోటో స్టూడియోలో, లింగంపేట నుంచి వచ్చిన అవ్వ రెండు ఫోటోలు బల్ల మీద పెట్టింది. ఒకటి పోయిన యేడు చనిపోయిన భర్తది, ఇంకొకటి బీడీలు చుట్టే పనికి ఇచ్చిన తన గుర్తింపు కార్డుది. కంప్యూటర్ ముందున్న అమ్మాయి రెండింటినీ పక్కపక్కన చేర్చి చూపించింది.

"గోడకు అందరు గిట్లనే పెట్టుకుంటరు అవ్వా."

"నన్ను ఆడికెల్లి తియ్యి బిడ్డా. గా గోడ మీది ఫోటోల పెండ్లిపిల్లను మబ్బుల మీద కూసోవెట్టినవు గదా, నన్ను గట్ల కూసోవెట్టు."

"నీ కొడుకు ఫోన్ చేసి, తాతతోని జోడు చెయ్యమన్నడు."

"మొఖం నాదా, వానిదా?"

"నీదే."

"మరి నా మాటిను. నేను బీడీలు చేసే చాట గూడ మబ్బు మీదనే పెట్టు. అండ్ల తునికాకులన్ని పిట్టలై ఎగిరిపోవాలె. ఇగ ఒక్క బీడీ సుత చెయ్య."

"మరి తాత?"

"కింద వాకిట్ల నిలవడి చూడమను. నలభై ఏండ్లు నన్ను చాట ముంగటికెల్లి లేవనియ్యలే."

"చూసినోళ్లు నవ్వుతరు అవ్వా."

"నవ్వనియ్యి. గోడ నాది."

తెర మీద అవ్వ మెల్లగా మబ్బుల్లోకి లేచింది. చాటలోని ఆకులకు రెక్కలు వచ్చాయి. కార్డు కోసం తీసిన ముఖం మాత్రం అప్పటిలాగే భయంతో బిగుసుకుని ఉంది. అది అవ్వకు నచ్చలేదు.

"కంప్యూటర్ల నవ్వు పెట్టనా అవ్వా? ఒక్క నిమిషం పని."

అవ్వ కొంగు సర్దుకుని, వెళ్లి కెమెరా ముందున్న స్టూలు మీద కూర్చుంది.

"నువ్వు పెట్టుడెందుకు? నేనే నవ్వుత. తియ్యి."