నాపరాతి మీద పేర్లు

బెజవాడ మునిగిన వరద ఏడాది సంగతి. నరసరావుపేటలో తాము చదివిన కాలేజీ వరండాలో, బండలకు పాలిష్ పట్టే సుభానీ, అతని స్నేహితుడు కోటేశ్వర్ నాపరాతి అరుగు మీద కూర్చున్నారు.

"ఆఖరి రోజు పేర్లు చెక్కటం మన బ్యాచే మొదలెట్టిందిరా, సుభానీ."

"నీ పేరు తాగినోడు చెక్కినట్టుంది."

"సాజిద్‌ది చూడు, ఎంత కుదురుగా ఉందో! వాళ్ళ నాన్న ఉలి తెచ్చింది వాడేగా. మనిషి పోయినా పేరుంది."

"రేపటిదాకే. అరుగంతా నున్నగా చెయ్యమన్నారు కాలేజీవోళ్ళు."

"ఏంది? పని ఎవురికిచ్చారు?"

సుభానీ తల దించుకున్నాడు.

"ఒరేయ్, నువ్వా? కాదనలేకపోయావా?"

"కాదంటే ఇంకోణ్ణి పిలుస్తారంట. వాడు పేర్లు చూస్తాడా?"

"సాజిద్ పేరొక్కటి వదిలెయ్‌రా."

"అదీ అడిగా. ఒప్పుకోలా."

మర్నాడు పొద్దున్నే సుభానీ అరుగు కడిగాడు. సాజిద్ పేరు మీద కాసేపు చెయ్యి ఉంచి, మిషన్‌ను ముందుగా తన పేరు మీదే ఆనించాడు.