హారతి అయ్యేదాకా మోగిన ఫోన్

నా పేరు గొర్లె వెంకటస్వామి, తండ్రి పాపయ్య. వయసు అరవై. రాయపూర్ రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్‌గా పనిచేసి గత నెలాఖరున రిటైరయ్యాను. భార్య రమణమ్మతో రైల్వే క్వార్టర్లో ఉంటున్నాను. 2024 ఫిబ్రవరి 22న సైబర్ ఠాణాలో ఎస్సై మేడమ్ ఎదుట చెబుతున్నాను. తెలుగు తెలిసిన కానిస్టేబుల్ యుగంధర్ రాసుకుంటున్నాడు.

దేవేంద్ర నగర్‌లో సూర్యారావు అన్నయ్య ఇల్లు కొనడానికి ఒప్పుకున్నాను. ఆయనా నేనూ ఇరవై రెండేళ్లు ఒకే షిఫ్టులో పనిచేశాం. 21న మధ్యాహ్నం రిజిస్ట్రేషన్. ఆ ఉదయమే మిగిలిన ఇరవై మూడు లక్షలు ఆయన ఖాతాకి పంపాలి. అది నా రిటైర్మెంట్ సొమ్ము మొత్తం.

19న సాయంత్రం ఈ ఇల్లు కుదిర్చిన దళారీ మెయిల్ నుంచి హిందీలో ఉత్తరం వచ్చింది. సూర్యారావు గారి పాత ఖాతా ఆగిపోయింది, ఈ కొత్త ఖాతాకి పంపండి అని. చివర్లో, "మీ ముహూర్తం 9:40 నుంచి 10:05 కదా, ఆ లోపే పంపండి" అని ఉంది. ముహూర్తం సంగతి నేను దళారీకి మెయిల్లో తప్ప ఎవరికీ రాయలేదు. అందుకే నమ్మాను. దొంగకి నా ముహూర్తం తెలుసు మేడమ్. ఇప్పటికీ నాకు మింగుడుపడటం లేదు. అన్నయ్యకి ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది. అనుమానించినట్టుంటుందని మొహమాటపడ్డాను.

21న 9:44కి ఫోన్లోంచే సొమ్ము పంపాను. ఫోన్‌ని పసుపు కుంకుమల పళ్లెంలో పెట్టి దేవుడి ముందు ఉంచాను. 9:47కి మోగింది. సూర్యారావు అన్నయ్య పేరు. 9:49కి మళ్లీ మోగింది. 9:52కి మళ్లీ. అక్షింతలు ఫోన్ మీద కదులుతున్నాయి. ఎత్తబోతే మా ఆవిడ, హారతి అయ్యేదాకా ముట్టుకోవద్దంది.

10:06కి నేనే చేశాను. "స్వామీ, పంపకురా! దళారీ మెయిల్లో ఎవడో దూరాడట. నేను ఖాతా మార్చనే లేదు" అన్నాడు అన్నయ్య. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. సొమ్ము 9:58 దాకా ఆ ఖాతాలోనే ఉందని, తర్వాత ఎటో పోయిందని బ్యాంకువాళ్లు చెప్పారు. 9:58 దాకా ఉంది. ఏప్రిల్లో క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియదు.

ఇదంతా యుగంధర్ చదివి వినిపించాడు. పక్కన కూర్చున్న మా ఆవిడ ఫోన్ సంగతి దగ్గర నా మొహంలోకి చూసింది. ఆ ఒక్క మాట అబద్ధం, కింద సరిచేసి రాయమని అడిగాను. ఆవిడ వద్దనలేదు. మూడుసార్లూ, "ఫోనెత్తండి, ఏదో జరూరీ పనుంటాది" అంది. మూడుసార్లూ, "హారతి అవనీ" అన్నది నేను.

ఇప్పుడిందులో ఉన్నదంతా నిజం. నా ఇష్టంతోనే చెప్పి సంతకం చేస్తున్నాను.

(సంతకం) గొర్లె వెంకటస్వామి