తొరపాడికి ఒక్క ఊపిరి

"చిన్న కథే. కస్తూరమ్మ పోసిన టీ చల్లారేలోపు అయిపోతాది. అసలు ఆమె టీ చల్లారాలంటే ముందు వేడిగా ఉండాల గదా, ఆ సంగతి ఇంకోనాడు మాట్లాడుకుందాం" అంటూ నూనె అంగడి సుందరరాజులు బెంచీ మీద కాళ్లు మడుచుకున్నాడు.

గుడియాత్తం బస్టాండు ఎదురుగా టీ అంగడి నడిపే కస్తూరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఆమె చూపంతా రోడ్డు మీదే ఉంది. కూతురు జయ కాలేజీ ఆడపిల్లల కబడ్డీ జట్టుకు కెప్టెన్. ఆ జట్టు ఉంటుందా పోతుందా అన్నది వేలూరు పక్కన తొరపాడిలో కాలేజీ ట్రస్టు వాళ్లు ఆ రోజే తేలుస్తామన్నారు.

"మగపిల్లలు ఆడినందుకు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ముదలాళి నెలనెలా ఇంత అని ఇస్తా ఉండాడు గదా. ఆడపిల్లలకు కాలణా లేదు. ఇప్పుడేమో ఇద్దరికీ ఒకటిగా ఇయ్యాలని పైనుంచి ఉత్తరవు వచ్చినాది. ట్రస్టు వాళ్లకు తెలివి ఎక్కువ. ఆడపిల్లల జట్టే లేకపోతే ఒకటిగా ఇచ్చే పనే ఉండదు గదా అనుకున్నారు. సరే, ఒక అర్జీ ఇచ్చి వద్దామని ఈ పొద్దు కోడి కూయకముందే బయలుదేరినా. చూస్తే బస్సు లేదు. మా కాలం కబడ్డీ మాదిరి ఊపిరి పట్టి, చడుగుడు చడుగుడు అంటా పరుగెత్తినా. పళ్లికొండ వచ్చేసరికి మూడు బస్సులను దాటేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బస్సు లేదంటివే" అన్నాడు లుంగీలు నేసే ఏలుమలై.

"నాకు లేదన్నా. లోకానికి లేదన్నానా? పోగు తెగితే రెండు దినాలు వెతుక్కునేవాడివి, నువ్వు నన్ను అడ్డగించొద్దప్పా. రెండు రాజకీయ కట్చీల వాళ్లు, ఒకరి ఇంటి పెండ్లికి ఒకరు పోనివాళ్లు, జెండాలు ఒకే కంబానికి కట్టి నాకు దారి విడిచినారు. పాలారు రెండు గట్లూ ఒరుసుకుని పారతా ఉండాది. ఈదినా. నోట్లో చడుగుడు మాత్రం ఆగలా."

"ఊపిరి మాట నమ్ముతా మామా. ఏండ్లుగా ఎండిన పాలార్లో నీళ్ల మాట వద్దు" అన్నాడు ఏలుమలై.

"సరే, మోకాలి లోతు అనుకో. ట్రస్టు ఆఫీసులో దూరినా. వాచ్‌మన్ అడ్డమొచ్చినాడు. తాకినా, అవుట్. గుమాస్తాలు పదకొండు మంది. తాకినా, అవుట్. ఆట ఆటే గదా, అందరూ పోయి గోడవారన వరసగా కూర్చున్నారు. తిరిగే ఫ్యాను చేతికి తగిలినాది, అదీ ఆగిపోయినాది. కరస్పాండెంటు ఒక్కడు మిగిలినాడు. బల్ల గుద్ది గంటసేపు వాదించినా. పిల్లల జట్టు తియ్యొద్దు, ఇద్దరికీ ఒకటిగా ఇయ్యి అని. ఆయన కండ్లనీళ్లు పెట్టుకుని సంతకం చేసినాడు. అదే ఊపిరితో తిరిగొచ్చి, ఈ బెంచీ మీద కూర్చున్నాకనే విడిచినా."

కస్తూరమ్మ అప్పుడు తిరిగి చూసింది. "యాడా ఊపిరి విడవలేదు గదా మామా?"

"యాడా విడవలా."

"నోట్లో చడుగుడు ఆగలేదు గదా?"

"ఆగలా."

"మరి ఆ గంటసేపు వాదించింది యా నోటితో?"

సుందరరాజులు టీ గ్లాసు ఎత్తి నోటికి ఆనించాడు. అది ఎప్పుడో ఖాళీ అయింది.

వేలూరు బస్సు వచ్చి ఆగింది. జయ దిగి వచ్చి బెంచీ చివర కూర్చుంది. "పొద్దున్నించీ వాళ్లతో మాట్లాడి మాట్లాడి గొంతు పోయినాదమ్మా. టీ పొయ్యి."

"ఏమన్నారు?"

"మా జట్టు తియ్యరంట. ఇద్దరికీ ఒకటే అన్నారు."

"నేను చెప్పలా?" అన్నాడు సుందరరాజులు.

"ముదలాళి మగపిల్లలకు ఇచ్చేది కూడా నిలిపేసినాడు. ఇంక ఎవరికీ ఏమీ లేదు. ఆ మాట విని మగపిల్లల్లో తొమ్మిది మంది ఆట మానేసినారు."

కస్తూరమ్మ టీ పోస్తున్న గ్లాసు నిండి పొర్లిపోయింది.

"మరి మీరో?" అన్నాడు ఏలుమలై.

"మేమెందుకు మానతాం మామా? మాకు ఎప్పుడిచ్చినారు గనక?"

ఆదివారం వేలూరు పోటీలకు మగపిల్లల కోసం ముందే మాట్లాడిన వ్యానులో ఆడపిల్లలు వెళ్లారు.